పాత హోటల్, కొత్త రూపు: సెలవుల్లో ఇంటిల్లిపాదీ భోజనం

వేసవి సెలవులకు విశాఖ వెళ్లే పాఠకులు కొందరు ఈసారి ఒకే సంగతి రాశారు: ఏళ్లుగా తింటున్న హోటల్‌ని పూర్తిగా మార్చి కట్టారు, కుటుంబంతో రాత్రి భోజనానికి వెళ్తే పాత తృప్తి దొరకలేదు. హోటల్ పేర్లు తీసేసి, వారి ప్రశ్నలకు జవాబులు ఇస్తున్నాం. మార్పులు చేశాక గోడలు, కుర్చీలే కాదు, వంటగదీ బిల్లూ కూడా మారతాయి. అందుకని ఆ హోటల్‌కి మొదటిసారి వెళ్తున్నట్టే నాలుగు మాటలు అడిగి కూర్చోవాలని మా సలహా.

ప్రశ్న: అరకు వెళ్లొచ్చే దారిలో ప్రతిసారీ ఆగే హోటల్ అది. ఈసారి దోసె అంటుకుపోయి ముక్కలుగా వచ్చింది. బిర్యానీ అడుగు మాడి, పైన పొడిపొడిగా ఉంది. మాస్టర్ పాతాయనేనట. మరి చేతి రుచి ఏమైంది? (ఖమ్మం)

జవాబు: మాస్టర్ పాతాయనే కావచ్చు, పెనం మాత్రం పాతది కాదు. హోటల్ దోసె పెనం 12 నుంచి 20 మిల్లీమీటర్ల మందం ఉండే ఇనుప పలక. రోజూ నూనె పడి, కాలి, మళ్లీ పడి, మళ్లీ కాలి దాని మీద నల్లగా, నున్నగా ఒక పొర కడుతుంది. దోసె అంటకుండా లేచి వచ్చేది ఆ పొర వల్లే. కొత్త పలక మీద అది ఉండదు. సగం కోసిన ఉల్లిపాయతో నూనె రాస్తూ ఎంత కాల్చినా, నాలుగు రోజుల్లో పాత పెనం గుణం రాదు. పైగా కొత్త పెనానికి ఎక్కడ ఎంత వేడి ఉంటుందో మాస్టర్ చేతికి ఇంకా తెలియదు. వేడి మించితే పిండి గరిటెకే చుట్టుకుని ఉండలు కడుతుంది, చాలకపోతే పెనానికి అతుక్కుంటుంది. దోసె దోసెకీ నీళ్లు చిలకరించి చీపురుతో తుడిచేది ఆ వేడిని ఒక స్థాయికి దించడానికే.

తందూరుదీ ఇదే కథ. కొత్త మట్టి తందూరు లోపల పాలకూర, బెల్లం, నూనె, ఉప్పు కలిపి పూసి, చిన్న మంట మీద రోజుల తరబడి పదును పెడతారు. తొందరపడి వాడకంలోకి దించితే గోడకి కొట్టిన రొట్టె నిలవదు, జారి బొగ్గుల్లో పడుతుంది. మీ బల్ల మీదకి వచ్చిన రొట్టెకి ఒక వైపు బూడిద, మరోవైపు పచ్చిదనం కనిపిస్తే కారణం ఇదే కావచ్చు.

బిర్యానీ సంగతికి వస్తే, పాత వంటగదిలో కట్టెలో బొగ్గులో వాడేవారేమో అడిగి చూడండి. బొగ్గుల మీద దమ్ పెట్టినప్పుడు మూత మీద కూడా నిప్పులు పోస్తారు, వేడి కిందా పైనా సమానంగా తగులుతుంది. గ్యాస్‌కి మారితే వేడంతా కింది నుంచే వస్తుంది. డేగిసా కింద మందపాటి పెనం పెట్టి, మంట బాగా తగ్గించి ఎక్కువసేపు ఉంచకపోతే మీరు చెప్పినట్టే అడుగు మాడుతుంది, పైన ఎండుతుంది.

అందుకని వెళ్లగానే మళ్లీ తెరిచి ఎన్నాళ్లయిందో అడగండి. నెల కూడా కాకపోతే పెనం మీదవీ తందూరులోవీ తగ్గించి పులుసు, ఇగురు, పప్పు, వేపుళ్ల మీదకి వెళ్లండి. వాటి రుచి మసాలాలో, చేతిలో ఉంటుంది, పొయ్యి మారినా అంత చెడదు. ఇంకో మాట: మెనూ నాలుగు పేజీల నుంచి పదహారు పేజీలైతే కొత్తగా చేరిన వంటకాల్లో చాలావాటికి ఒకే గ్రేవీ పునాదిగా ఉంటుంది. పాత మెనూలో ఉన్నవే అడగండి. అందరికీ ఒకేసారి చెప్పకుండా ముందు ఒక ప్లేటు తెప్పించి రుచి చూసి, నచ్చితే మిగతావి చెప్పండి.

ప్రశ్న: మే నెలలో వంజరం వేపుడు తిన్నాం. పైన మసాలా ఊడిపోతోంది, ముక్క కింద ప్లేటులో నీళ్లు. ఇదివరకు సంక్రాంతి సెలవుల్లో తిన్నప్పుడు ఇలా లేదు. హోటల్ మార్చాక నాణ్యత తగ్గించారా? (నిజామాబాద్)

జవాబు: తప్పు హోటల్‌ది కాకపోవచ్చు, మీరు వెళ్లిన నెలది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవలతో సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ నియమం. ఇంజను లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉంది కానీ అవి తెచ్చే సరుకు కొద్దిగానే ఉంటుంది. మన వేసవి సెలవులు దాదాపు ఈ రోజుల్లోనే వస్తాయి. పశ్చిమ తీరంలో నిషేధం జూన్ 1న మొదలై జూలై 31 దాకా ఉంటుంది. అంటే ఏప్రిల్, మే నెలల్లో అటు నుంచి ఐసులో సరుకు రావచ్చు. లేదంటే ముందే గడ్డకట్టించి దాచింది వండుతారు.

గడ్డకట్టించిన చేప చెడ్డది కాదు. సున్నాకి 18 డిగ్రీల కింద సరిగ్గా దాచింది తినడానికి భయపడక్కర్లేదు. చిక్కంతా గడ్డకట్టించిన తీరులో ఉంది. నెమ్మదిగా గడ్డకడితే కండలోని నీరు పెద్ద మంచు పలుకులుగా మారి కండని లోపలే చీలుస్తుంది. కరిగించినప్పుడు ఆ నీరంతా కారిపోతుంది. మసాలా పట్టించి నూనెలో వేస్తే ముక్కలోంచి నీరు ఊరుతూ మసాలాని బయటకి తోసేస్తుంది. ముక్క వేగదు, ఉడుకుతుంది. మీ ప్లేటులో కనిపించిన నీళ్లు అవే.

కాబట్టి నిషేధం రోజుల్లో వెళ్తే, "ఇవాళ వచ్చిన చేప ఏది?" అని అడగండి. చెరువుల్లో పెంచే పండుగప్ప, కొరమేను, వనామీ రొయ్య ఈ రోజుల్లోనూ తాజాగా దొరుకుతాయి. వేపుడు వాటితో చేయించుకోండి. వంజరమే కావాలంటే పులుసు చెప్పండి. చేపని చూపిస్తామంటే తప్పకుండా చూడండి: కన్ను ఉబ్బుగా, తేటగా ఉండాలి, మొప్ప కింద ఎరుపు కనిపించాలి, వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. కన్ను లోపలికి పోయి తెల్లబారితే, మొప్ప గోధుమ రంగుకి తిరిగితే ఆ చేప వద్దనండి. మొహమాటం అక్కర్లేదు.

ప్రశ్న: కొత్త మెనూలో చేప, పీత పక్కన ధర బదులు "ఏపీఎస్" అని ఉంది. ఆరుగురం తింటే బిల్లు చూసి కళ్లు తిరిగాయి. అదేమిటి? (హైదరాబాద్)

జవాబు: "యాజ్ పర్ సైజ్", అంటే సైజుని బట్టి ధర అని దానర్థం. ధర ప్లేటుకి కాదు, బరువుకి. అదీ చాలాచోట్ల శుభ్రం చేయకముందు బరువుకి. 100 గ్రాములకు 180 రూపాయలు అనుకుందాం. సర్వర్ తట్టలో తెచ్చి చూపించిన చందువ 1,150 గ్రాములు తూగితే ఆ ఒక్క చేపే 2,070 రూపాయలు, 5 శాతం జీఎస్టీతో 2,173.50. పొలుసు, పొట్ట, మొప్పలు తీసేసరికే బరువులో పదో వంతుకి పైగా పోతుంది. వేపితే నీరు ఇగిరి ఇంకా తగ్గుతుంది. పీతలో డిప్పే ఎక్కువ, కండ తక్కువ. అరకిలో పీత ఒక్కరికే సరిపోతుంది. రొయ్యకి తలా పెంకూ తీస్తే మిగిలేది ఇంచుమించు సగం.

రొయ్యల విషయంలో భీమవరం వైపు వాడే "కౌంట్" మాట పనికొస్తుంది. 30 కౌంట్ అంటే కిలోకి 30 రొయ్యలు తూగేవి, 50 కౌంట్ అంటే ఒక్కొక్కటి 20 గ్రాములవి. మెనూలో "జంబో" అని ఉంటే కౌంట్ ఎంతో, ప్లేటులో ఎన్ని వస్తాయో అడగండి.

ఆర్డర్ ఇచ్చే ముందు మూడు సంగతులు తేల్చుకోండి: ధర 100 గ్రాములకా చేపకా, తూకం శుభ్రం చేయకముందా తర్వాతా, మీ ఎదుట తూస్తారా. తూసిన అంకె ఆర్డరు చీటీ మీద రాయించండి. పెద్ద చేప తీసుకుంటే తలా తోకా పులుసు పెట్టి, నడుం ముక్కలు వేపి ఇమ్మనండి. చాలా హోటళ్లు ఒప్పుకుంటాయి, మసాలా ఖర్చు కింద కొంత అదనంగా అడగవచ్చు.

ప్రశ్న: పాత హోటల్‌లో 5 శాతం జీఎస్టీ కట్టేవాళ్లం. కొత్తగా కట్టాక అదే చోట 18 శాతం వేశారు. పైగా 10 శాతం సర్వీస్ ఛార్జి. ఏసీ పెట్టినందుకట. ఇది న్యాయమేనా? (గుంటూరు)

జవాబు: ఏసీకీ దీనికీ సంబంధం లేదు. ఏసీ ఉంటే ఒక రేటు, లేకుంటే ఒక రేటు అన్న తేడా 2017 నవంబర్ 15తోనే పోయింది. విడిగా ఉన్న రెస్టారెంట్‌లో ఏసీ ఉన్నా లేకున్నా 5 శాతమే. అయితే కొత్త భవనంలో పైన గదులు కూడా కట్టారా చూడండి. గది అద్దె రోజుకి 7,500 రూపాయలు దాటే పెద్ద హోటల్ ఆవరణలోని రెస్టారెంట్‌కి 18 శాతం వర్తిస్తుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి, అంతకు ముందటి ఆర్థిక సంవత్సరంలో తీసుకున్న గది అద్దెని బట్టి దీన్ని లెక్కిస్తున్నారు. మీ హోటల్ అలాంటిదైతే 18 సరైనదే. పైన గదులే లేకపోతే ఎందుకు వేశారో అడిగి తీరాలి. బిల్లు మీద "కాంపొజిషన్" పన్ను చెల్లింపుదారు (మొత్తం అమ్మకాల మీద తామే కొద్ది శాతం పన్ను కట్టే చిన్న వ్యాపారి) అని ఉంటే మాత్రం వాళ్లు మీ దగ్గర జీఎస్టీ అసలు వసూలు చేయకూడదు.

సర్వీస్ ఛార్జి పన్ను కాదు, ప్రభుత్వానికి వెళ్లదు. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. వేరే పేరుతో కలిపినా తప్పే.

లెక్క చూడండి. భోజనం 3,400 రూపాయలు. 10 శాతం సర్వీస్ ఛార్జి 340 కలిపితే 3,740, దాని మీద 5 శాతం జీఎస్టీ 187, మొత్తం 3,927. ఛార్జి లేకపోతే 3,400 మీద జీఎస్టీ 170, మొత్తం 3,570. తేడా 357 రూపాయలు. సర్వీస్ ఛార్జి మీద కూడా జీఎస్టీ పడడం చాలామంది గమనించరు.

డబ్బు కట్టకముందే "ఇది తీసేసి కొత్త బిల్లు ఇవ్వండి" అని కౌంటర్‌లో మర్యాదగా అడగండి. తీయకపోతే బిల్లు ఫొటో ఉంచుకుని 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. వడ్డించిన కుర్రాడు బాగా చూసుకుంటే ఆయన చేతికే నేరుగా ఇవ్వండి, అది ఆయనకే చేరుతుంది. అన్నట్టు, బిల్లు మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉందో లేదో కూడా చూడండి. 2022 జనవరి 1 నుంచి అది తప్పనిసరి.

ప్రశ్న: నాన్నగారికి 78 ఏళ్లు. వినికిడి యంత్రం పెట్టుకుంటారు, మోకాళ్ల నొప్పులు. పాత హోటల్‌లో హాయిగా కూర్చునేవారు. కొత్త దాంట్లో "ఏమీ వినపడట్లేదు, లేవలేకపోతున్నా" అని సగం భోజనంలోనే లేచారు. (కరీంనగర్)

జవాబు: పాత హోటల్‌లో తెరలు, గుడ్డ కుర్చీలు, చెక్క పలకలు చప్పుడుని పీల్చుకునేవి. కొత్తదాంట్లో అద్దాలు, టైల్సు, బోసి కాంక్రీటు పైకప్పు ఉంటే ప్రతి ప్లేటు చప్పుడూ గోడకి కొట్టుకుని తిరిగొస్తుంది. మామూలు చెవికే కష్టం, యంత్రానికి ఇంకా కష్టం.

వినికిడి యంత్రాల్లో చాలావాటి మైకు ముందు వైపు మాటని ఎక్కువగా పట్టి, వెనక చప్పుడుని తగ్గిస్తుంది. కనుక నాన్నగారి వీపు హాలు వైపు, ముఖం మీ అందరి వైపు ఉండేలా మూల బల్ల దగ్గర కూర్చోబెట్టండి. చాలామంది గౌరవంగా పెద్దవారిని గోడకి ఆనించి హాలు వైపు ముఖం పెట్టి కూర్చోబెడతారు. అప్పుడు హాలు రొదంతా నేరుగా మైకులోకి వెళ్తుంది. వంటగది తలుపు, చేతులు కడిగే చోటు, స్పీకరు దగ్గరి బల్లలు వద్దు. పాట తగ్గించమని అడగవచ్చు, తగ్గిస్తారు.

మోకాళ్లకి మెత్తటి సోఫా సీట్లు పనికిరావు. వాటిలో తుంటి మోకాలి కంటే కిందకి దిగిపోతుంది, లేవడానికి చేతికి ఆధారం దొరకదు. నేల నుంచి 45 నుంచి 48 సెంటీమీటర్ల ఎత్తులో గట్టి సీటు, రెండు చేతులూ ఉన్న కుర్చీ అడగండి. హాల్లో లేకపోతే రిసెప్షన్‌లో ఒకటి ఉంటుంది, తెచ్చి వేస్తారు. బాత్రూంని మాత్రం మీరే ముందు చూసి రండి. కొత్త టైల్సు తడిస్తే జారతాయి, గుమ్మం దగ్గర ఒక్క మెట్టు ఉన్నా మసక వెలుతురులో కనపడదు. బల్ల ఏది ఇచ్చినా, ఏసీ గాలి ఆయన తల మీద నేరుగా పడకూడదు.

ప్రశ్న: మేం పదిమందిమి, నలుగురు పిల్లలు. అందరం ఒకేసారి ఆర్డర్ ఇచ్చాం. సూప్ తర్వాత నలభై నిమిషాలు ఏమీ రాలేదు, ఆపైన అన్నీ కలిసి వచ్చాయి. పిల్లలు ఏడుపు. తప్పు ఎక్కడ జరిగింది? (బెంగళూరు)

జవాబు: సర్వర్ రాసుకున్నది వంటగదికి కేఓటీ అనే చీటీగా వెళ్తుంది. అక్కడ తందూరు, చైనీస్, కూరలు, పెనం వేరువేరు విభాగాలు. ఒకే చీటీలో పద్దెనిమిది ఐటమ్స్ పడితే ఒక్కో విభాగం తన వీలుని బట్టి చేస్తుంది. హోటల్ కొత్తగా తెరిచి, సిబ్బంది కొత్త కంప్యూటర్‌కి అలవాటు పడకపోతే ఇది మరీ ఎక్కువ.

మీ ఆర్డర్‌ని మూడు చీటీలు చేయించండి. కూర్చోగానే పిల్లలవి: ఇడ్లీ, ఆమ్లెట్, పెరుగన్నం లాంటివి. పది నిమిషాలకి స్టార్టర్లు. అవి బల్ల మీదకి వచ్చినప్పుడు అన్నం, కూరలు, రొట్టెలు. రొట్టెలు ఒకేసారి పది చెప్పకండి, అయిదేసి చెప్పండి, చల్లారితే తోలులా సాగుతాయి. పిల్లలకి "కారం తగ్గించండి" అంటే గ్రేవీ కూరలో కుదరదు, ఆ మసాలా ముందే కలిపి ఉంచింది. ఉప్పు, పసుపు, మిరియాలతో అప్పటికప్పుడు వేపిచ్చేవి అడగండి. పిల్లల ప్లేటులో చేప ముక్క వేస్తే ముల్లు మీ చేత్తో తీసి పెట్టండి.

బల్ల సంగతి: రెండు మూడు బల్లలు వరసగా కలిపితే ఆ చివరి మాట ఈ చివరికి వినపడదు. పదిమందికి ఆరడుగుల వ్యాసం ఉన్న గుండ్రటి బల్ల అడగండి. రాత్రి ఏడుంబావుకి వెళ్తే దొరుకుతుంది, ఎనిమిదిన్నర దాటితే ఆదివారాల్లో కష్టం.

ప్రశ్న: మా అత్తయ్యగారు శుద్ధ శాకాహారి. పాపకి వేరుశనగ పడదు. కొత్తగా పెట్టిన అద్దాల వంటగది చూసి ధైర్యం తెచ్చుకోవచ్చా? (రాజమండ్రి)

జవాబు: అద్దంలోంచి కనిపించేది కొంత భాగమే, కానీ అది కూడా పనికొస్తుంది. వేపుడు మూకుళ్లు ఎన్ని ఉన్నాయో చూడండి. ఒకటే అయితే రొయ్యలు వేగిన నూనెలోనే గోబీ కూడా వేగుతుంది. అత్తయ్యగారికి ఇడ్లీ, పప్పు, పెరుగన్నం వంటివి నయం. వేరుశనగ విషయంలో మరింత కచ్చితంగా ఉండాలి: బిర్యానీతో ఇచ్చే మిర్చీకా సాలన్‌లో, బగారా బైంగన్‌లో, చట్నీల్లో అది ఉంటుంది. "పల్లీలు వేశారా" అని మాత్రమే కాదు, "పాపకి పడదు, తింటే ప్రమాదం" అని మేనేజర్‌తో చెప్పి, చీటీ మీద రాయించండి. వేరుశనగ నూనె వాడతారా అని కూడా అడగండి. సందేహంగా జవాబు వస్తే ఆ వంటకం వదిలేయండి.

ప్రశ్న: కొత్త పెయింటు వాసనకి బాబుకి దగ్గు మొదలైంది. ఉబ్బసం ఉంది. (డాలస్ నుంచి సెలవులకు వచ్చిన కుటుంబం)

జవాబు: పెయింటు, వార్నిష్, ప్లైవుడ్ జిగురు నుంచి వచ్చే ఆవిర్లు మూసిన ఏసీ హాలులో పేరుకుంటాయి. లోపలికి అడుగు పెట్టగానే కళ్లు మండితే అక్కడ కూర్చోవద్దు. ఆరుబయట బల్ల లేకపోతే పార్శిల్ తీసుకోండి. ఇన్హేలర్ బ్యాగులో కాదు, పెద్దవారి జేబులో ఉండాలి.

ప్రశ్న: రాత్రి మిగిలిన బిర్యానీ, చేపల కూర పార్శిల్ కట్టించుకుని పొద్దున్నే రైల్లో తిన్నాం. మా వారికి వాంతులు. లాడ్జిలో ఫ్రిజ్ లేదు. వేడి చేసుకుంటే సరిపోయేదా? (వరంగల్)

జవాబు: సరిపోయేది కాదు. వండిన ఆహారం 5 నుంచి 60 డిగ్రీల మధ్య రెండు గంటలకి మించి ఉండకూడదు. గది 32 డిగ్రీలు దాటితే గంటే. విశాఖ వేసవి రాత్రి ఉక్కలో, మూత బిగించిన డబ్బాలో బిర్యానీ గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది. ఉడికినా చావని ఒక రకం సూక్ష్మజీవుల బీజాలు అన్నంలో ఉంటాయి, ఆ వెచ్చదనంలో అవి మొలకెత్తి విషం విడుస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. మీరు బల్ల దగ్గర కూర్చుని తిన్న గంటన్నర కూడా ఈ లెక్కలోదే.

మిగులుతుందనుకుంటే తినకముందే సగం వేరుగా తీసి కట్టించి, ఆ రాత్రే ఎవరికైనా ఇచ్చేయండి. పొద్దున రైలుకి చింతపండు పులిహోర విడిగా చెప్పండి, పులుపూ నూనే దాన్ని మిగతావాటి కంటే ఎక్కువసేపు కాపాడతాయి. దాన్నీ రాత్రి కట్టించకండి, బయలుదేరే ముందు వేడిగా కట్టించుకోండి. కొబ్బరి చట్నీ, పెరుగు మాత్రం రైల్లోకి తీసుకెళ్లవద్దు.